కొండ మీద పట్టా దులిపాను

అత్తగారి దగ్గర అల్లుడి పరువు పోవడానికి చాలా దారులున్నాయి. కాఫీ జుర్రుమని తాగొచ్చు, మామగారి కుర్చీలో కూర్చోవచ్చు. ఇవన్నీ చిల్లర దారులు. నేను మాత్రం శ్రమపడి కొండెక్కి మరీ పోగొట్టుకున్నాను. సాక్ష్యానికి కలర్ ఫోటో కూడా ఉంది. మీరు మొహమాటపడకుండా నవ్వండి, నాకు అలవాటైపోయింది.

సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాని రోజులవి. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. పెళ్ళై ఏడాది కాలేదు. నా భార్య గ్రేసుది విశాఖపట్నం. ఆమె పుట్టింటి గుమ్మంలో నిలబడితే ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. మా గుమ్మంలో నిలబడితే ఒకవైపు కోల్డ్ స్టోరేజీ, ఇంకోవైపు కూడా కోల్డ్ స్టోరేజీ. మా అత్తగారికి మొదట్నుంచీ ఒకటే దిగులు: "ఎండా, కారం తప్ప ఏముంది ఆ ఊళ్ళో? పిల్ల ఏడుస్తూ కూర్చుంటుందేమో!"

అందుకని క్రిస్మస్ సెలవులకి నా బావమరిది సునీల్‌ చేతికి కెమెరా ఇచ్చి పంపారు. ఆవిడ ఆజ్ఞ ఒక్కటే: "మీ అక్క నవ్వుతున్న ఫోటో ఒకటి తీసుకురా. చూసుకుంటే నాకు నిద్ర పడుతుంది."

సునీల్ వచ్చీ రాగానే రీలంతా మా ఊరి మీద తగలేశాడు. ఎద్దుల బండి కనపడితే ఒకటి, మిరప టిక్కీల లాటు, అదే, బస్తాల గుట్ట, కనపడితే ఒకటి. గ్రేసు నవ్వుతున్నది మాత్రం లేదు. కెమెరా ఎత్తినప్పుడల్లా యార్డు వైపు నుంచి గాలి వీచి ఆమె తుమ్మేది. చివరికి రీల్లో ఒక్క ఫోటో మిగిలింది.

"ఏటి బావా, మీ ఊళ్ళో చూడ్డానికి చిన్న కొండైనా లేదా?" అన్నాడు.

అంతే, నాకు రోషం పొడుచుకొచ్చింది. "కొండ లేకపోవడమేంటయ్యా? కొండవీడు ఉంది! రాజులు కట్టిన కోట! పైనుంచి చూస్తే జిల్లా అంతా కనపడుద్ది!"

"ఎక్కడం కష్టమేమోనండీ?" అంది గ్రేసు.

"కష్టమా? అరగంట. తిన్న ఇడ్లీ అరక్కముందే పైనుంటాం."

ఇక్కడ మీకొక మాట చెవిలో చెప్పాలి. నేనప్పటిదాకా కొండవీడు ఎక్కలేదు. బస్సు కిటికీలోంచి చూశానంతే. దూరపు కొండలు నునుపన్నారు పెద్దలు. బస్సులోంచి చూసిన కొండలు పొట్టి కూడానని వాళ్ళు చెప్పడం మర్చిపోయారు.

పండక్కి పొన్నూరు నుంచి వచ్చిన మా అక్క, "నేనూ వస్తారా" అంది. పులిహోర, గారెలు, నీళ్ళ డబ్బా సిద్ధమయ్యాయి. పైన కూర్చోడానికి చాప తీసుకెళ్దామంది గ్రేసు.

"చాప ఎందుకు? ఆ సంగతి నాకొదిలెయ్" అని మా కొట్టు నుంచి టార్పాలిన్ పట్టా తెచ్చాను. వాన పడితే మిరప టిక్కీల మీద కప్పేది.

"శుభ్రంగా ఉందా?" అని గ్రేసు అనుమానంగా చూసింది.

నేను పట్టాని ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చాను. "మల్లెపువ్వులా ఉంది!"

అయ్యా, అమ్మా, ఈ ఒక్క నీతి నేర్చుకోండి. కారం ఉందా లేదా అన్న విషయంలో యార్డు గుమస్తా ముక్కుని నమ్మకండి. కొత్తవాళ్ళు మా గేటు దగ్గరే తుమ్మి వెనక్కి తిరుగుతారు. మేం ఆ గాలిలోనే కూర్చుని ఉప్మా తింటాం.

ఇక ఎక్కడం మొదలైంది. నా అరగంట అయిపోయింది. కొండ అవలేదు.

"ఒరేయ్, ఇంకెంత దూరం రా?" అక్క ఒక బండరాయి మీద కూలబడింది.

"వచ్చేశాం అక్కా, ఇదే ఆఖరి మలుపు."

"ఇందాక చెట్టు దగ్గరా అదే కూశావు! మా పొన్నూరులో అన్నిటికన్నా ఎత్తైంది ధాన్యం బస్తాల లాటురా. దాని మీదకే నన్నెవరూ ఎక్కించలేదు!" అని డబ్బాలో మిగిలిన నీళ్ళన్నీ గటగటా తాగేసింది.

"బావా," అన్నాడు సునీల్ రొప్పుతూ, "మీ గుంటూరు అరగంటకి ఎన్ని గంటలు?"

ఎట్టకేలకు పైకి చేరాం. కూలిన కోటగోడ పక్కన చల్లటి గాలి. గ్రేసు చెప్పులు విప్పి, గాలికి ముఖం అప్పగించి, నన్ను చూసి నవ్వింది. పెళ్ళైనప్పట్నుంచీ ఆమె అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు. నా గుండె పొంగిపోయింది. అత్తగారికి కావలసింది ఈ నవ్వే.

"అక్కా, అలాగే ఉండు! నవ్వు చెదరనీయకు!" సునీల్ కెమెరాని గోడ మీద పెట్టి టైమరు నొక్కి పరుగెత్తుకొచ్చాడు. "అటు లోయ వెనకాల పడేలా అందరూ కూర్చోండి!"

"ముందు కూర్చోనివ్వండిరా, లోయ తర్వాత చూద్దాం" అంది అక్క.

"ఒక్క క్షణం! పట్టా పరుస్తా!" అన్నాను.

గాలి నా వీపు వైపు నుంచి వీస్తోంది. వాళ్ళు ముగ్గురూ నా ఎదురుగా ఉన్నారు. పట్టా రెండు మూలలూ పట్టుకుని, మా అమ్మ దుప్పటి దులిపినట్టు, ఫెళ్ళున దులిపాను.

పోయిన సీజను కారమంతా ఎర్రటి మబ్బై లేచి, వాళ్ళ ముఖాల మీద దిగింది.

"హాఛ్!"

"అమ్మో! నా కళ్ళు!"

"ఒరేయ్ సన్నాసీ, నీళ్ళేవిరా?"

"నువ్వే తాగావు కదక్కా!"

"బావా! టైమరు! కెమెరా ఆపండి!" అని సునీల్ గుడ్డిగా చేతులూపాడు.

ఎక్కడ నొక్కితే ఆగుతుందో అని నేను కెమెరా వైపు తిరిగాను. దాని ఎర్ర దీపం టకటకా వెలుగుతోంది. కెమెరా ముందు నిలబడితే నవ్వాలని చిన్నప్పట్నుంచీ నేర్పారా, ఆ అలవాటు కొద్దీ నా పళ్ళు వాటంతటవే బయటికొచ్చాయి. క్లిక్కుమంది.

ఒకరి కొంగు ఒకరికి పట్టించి, ముగ్గుర్నీ దారిలో ఉన్న చెరువు దాకా దింపి కళ్ళు కడిగించాను. లోయ ఎలా ఉందో ఎవరూ చూడలేదు. చూద్దామని అడిగే ధైర్యం నాకు లేదు.

సునీల్ విశాఖ వెళ్ళి రీలు కడిగించాడు. ఆ ఆదివారం పక్కింటి ఫోనుకి అత్తగారు చేశారు.

"ఫోటో వచ్చింది బాబూ."

"ఎలా ఉందండీ అత్తయ్యగారూ?"

"కొండ చాలా బాగుంది. ఆకాశం, కింద చేలూ అన్నీ చక్కగా పడ్డాయి. మా అమ్మాయి ఏడుస్తోంది. మా అబ్బాయి ఏడుస్తున్నాడు. మీ అక్కగారు గుండెలు బాదుకుంటున్నారు. మధ్యలో మీరెందుకు నవ్వుతున్నారు బాబూ?"

"అది... కారం అండీ."

"నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేగా!" అని ఫోను పెట్టేసి, మర్నాటి రైలుకి దిగిపోయారు. కూతురు బాగానే ఉందని నమ్మేదాకా కదల్లేదు. నమ్మేసరికి వేసవి వచ్చింది.

ఆ ఫోటో ఇప్పటికీ అత్తగారింటి హాల్లో ఫ్రేము కట్టి ఉంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముందుగా, "అయ్యో, ఎవరు పోయారండీ?" అని అడుగుతారు. తర్వాత నా వైపు వేలు చూపించి, "పాపం, ఈయనకి మతి చలించిందా?" అంటారు. అది విన్నప్పుడల్లా గ్రేసు పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుతుంది. అత్తగారు అడిగిన నవ్వు అదే. అప్పుడు ఎవరి చేతిలోనూ కెమెరా ఉండదు.

కాబట్టి కొండవీటి రాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో కొండ మీద పట్టా దులపను. ఖర్మకాలి దులిపితే, నేను కూడా అటువైపు వెళ్ళి నిలబడి, నలుగురితో పాటు మర్యాదగా ఏడుస్తాను.