మా రెఫరీ కుడిచెయ్యి

మా రెఫరీ పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఏళ్ల తరబడి సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో బట్ట నేసి నా చెవులు మందగించాయి. గోడ అవతలి ఏడుపు నాకు వినపడలేదు. పొద్దున లేచి ఫోన్ తీస్తే, మా ఫుట్‌బాల్ గ్రూపులో ఆయన బిడ్డ పెట్టిన ముక్క కనపడింది: "నాన్న రాత్రి నిద్రలనే పోయిండు." దాని కింద అప్పటికే బారెడు దండాలు. ఎక్కడో ధామన్‌కర్ నాకా కూడలిలో ఆటో నడుపుకునేవాడికి కూడా నాకంటే ముందే తెలిసింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆయన గురించి ఈ నాలుగు ముక్కలు రాయమని మన తెలుగు సంఘం వాళ్లు మొదట నన్ను అడగలేదు. బడిపంతులును అడిగారు. ఆయన తీరిక లేదన్నాకే నా గడప తొక్కారు. నాకు అక్షరాలు కూడబలుక్కునేంత వచ్చు, అంతే. అయినా పంతులుకు ఆయన గురించి ఏం తెలుసు? సభలో శాలువా కప్పి ఉంటాడు ఒకసారి. నేను గోడ పక్కన కూర్చుని ఆయన మీద కుళ్లుకుంటూ బతికాను. అంత దగ్గరగా ఆయనను ఇంకెవరూ చూడలేదు.

నేను ఆయనను బావా అనేవాణ్ని, ఆయన నన్ను బావా అనేవాడు. ఏ వరుసన బావలమో ఇద్దరికీ తెలియదు. ఒకే జిల్లా వాళ్లం, బొంబాయి పక్కన భివండికి వచ్చింది కూడా ఒకే రైల్లో. నార్పోలిలో ఒకే కార్ఖానాలో చేరాం. నేను సాంచా నడిపేవాణ్ని, ఆయన చెడిపోయిన సాంచాలను బాగుచేసే జాబర్. సెలవు రోజున షెడ్ల వెనక ఖాళీ జాగాలో బంతి ఆడేవాళ్లం. ఎక్కువ గోల్స్ నావి. ఆయన బంతిని కాలితో ముట్టిన పాపాన పోలేదు. ఒకనాడు ఆటలో కొట్లాట అయితే మధ్యకు వచ్చి చెయ్యి ఎత్తాడు. అందరూ ఆగారు. ఆ రోజు నుంచి రెఫరీ అయ్యాడు. నేను కొట్టిన గోల్స్ ఎవరికీ గుర్తు లేవు. ఆ చెయ్యి మాత్రం ఊరంతటికీ గుర్తే.

సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. కార్ఖానాలో మాటలన్నీ చేతులతోనే. అరచెయ్యి ముందుకు చూపి, వేళ్లు దగ్గరగా పట్టి నిలిపితే, సాంచా ఆపు అని అర్థం. ఆయన కుడి అరచేతికి అడ్డంగా ఒక మచ్చ ఉండేది. సాంచాలో నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరి వచ్చి చీరిన మచ్చ. ఆటలో విజిల్ ఊదితే పక్క షెడ్డు చప్పుడుకు ఎవరికీ వినపడదని, అక్కడా ఆ చెయ్యే చూపేవాడు.

"సాంచా ముందట నిలబడి ఒర్రేటోడు ఎడ్డోడు బావా. చెయ్యి లేపితే సరిపాయె" అనేవాడు.

ధామన్‌కర్ నాకా వాళ్లతో ఆడిన ఆటలో, ఇక అయిపోతుందనగా నేను ఒక గోల్ కొట్టాను. మా వాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. అంతలో మచ్చ ఉన్న ఆ చెయ్యి లేచింది. ఆఫ్‌సైడ్ అన్నాడు. సొంత గల్లీ మనిషి, పక్కింటి బావ, నా గోల్ తీసేశాడు. అది గోలే. ఆనాడూ అన్నాను, ఈనాడూ అంటున్నాను.

తర్వాత అందరికీ పొట్టలు వచ్చాయి, మోకాళ్లు పోయాయి. ఆడేవాళ్లం కాస్తా ఫోన్‌లో చూసేవాళ్లమయ్యాం. మా పాత టీము వాళ్లూ, వాళ్ల పిల్లలూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. విదేశీ టీముల పేర్లు నాకు నోరు తిరగవు. మాకు రెండే జాతులు, ఎర్ర చొక్కాలు, నీలం చొక్కాలు. నేను ఎరుపు. ఆయనను అడిగాను ఒకసారి, నువ్వు ఎటు బావా అని.

"నాది కోరా బట్ట బావా. ఇంకా రంగెయ్యలే" అన్నాడు.

కరోనా వచ్చిన ఏడు ఆటలన్నీ ఆగిపోయాయి. సాంచాలూ ఆగిపోయాయి. ఆట లేని ఫుట్‌బాల్ గ్రూపు ఏం చేస్తుంది? రాజకీయం మాట్లాడింది. ఎట్లా కుదిరిందో గాని, ఎర్ర చొక్కాల వాళ్లు ఒక పార్టీ అయ్యారు, నీలం వాళ్లు ఇంకో పార్టీ.

"రైళ్లు బంద్ చేసింది మీ సర్కారే. జనం నడుసుకుంట ఊర్లకు పోతున్నరు."

"బీమారిని విమానంల ఎక్కిచ్చుకొచ్చింది మీ పెద్దోళ్లే."

"గోల్ కొట్టరాదు గని నీలపోళ్లకు మాటలు మస్తు."

మా గోల్‌కీపర్ది చర్చికి పోయే కుటుంబం. ఒకడు ఉండబట్టలేక వాడి మీద పడ్డాడు: "మీ ప్రార్థనలల్లనే అంటుకున్నది అందరికి." గోల్‌కీపర్ ఊరుకుంటాడా? "మరి మీ తమ్ముని బరాత్‌ల అంటలేదా? మూతికి బట్ట గూడ లేకుండ ఎగిరింది నువ్వే గద!" ఇక గ్రూపు రెండు ముక్కలు కావడమే తరువాయి. నీలం వాళ్లు వేరే గ్రూపు పెడతామని బెదిరించారు కూడా.

పెద్దమనిషిని, నేను చెబితే వింటారనుకున్నాను. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గొంతు పోయేదాకా మాట్లాడి పంపాను. ఒకడే జవాబిచ్చాడు: "కాకా, మస్తు లంబా ఉన్నది. వినేసరికి బ్యాటరీ ఖతం అయితది."

అప్పుడు ఒక ఫోటో వచ్చింది. మా ఇద్దరి ఇళ్ల మధ్య గోడ, ఆ గోడ ముందు మచ్చ ఉన్న అరచెయ్యి. అంతే. గ్రూపులో ఉన్నవాళ్లంతా సాంచా వాళ్లే, లేదంటే సాంచా వాళ్ల పిల్లలే. ఒక్కసారిగా చప్పుడు ఆగింది. కాసేపటికి గోల్‌కీపర్, "సరే మామా. అందరు మాస్క్ పెట్టుకోండ్రి" అన్నాడు. బరాత్‌లో ఎగిరినవాడు వాడితోనే, "నువ్వు గూడ పైలం అన్నా" అన్నాడు.

నా ఇంటిది పక్కనే ఉండి అంతా చూసింది. "జూసినవా? ఒక్క మాట అనకుండ ఆపిండు. నువ్వేమో ఫోన్‌తోని కొట్లాడుకుంట పొయ్యి మీద పప్పు మాడ్చినవ్."

నేను బయటికి పోయి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని దూరం నుంచే అడిగాను. "బావా, ఫోటో కింద ఏమన్న రాయకపోతివి?"

"నాకు రాసుడెక్కడ అస్తది బావా? నీకంటే అస్తది" అన్నాడు.

ఆ మాట ఇంకా గుచ్చుకుంది. ఆయనకు ఒక్క అక్షరం రాదు. నాకు కొన్ని వచ్చు, గొంతు ఉంది, కొట్టిన గోల్స్ ఉన్నాయి. వినేది మాత్రం ఆయన మాట. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను ఆపితే ఈ జనం ఆగాలని నాకు ఆ రోజు నుంచి కోరిక పట్టుకుంది. ఆ తర్వాత ఎన్నికలకు తిట్టుకున్నారు, టీకాకు తిట్టుకున్నారు, పెనాల్టీకి తిట్టుకున్నారు. ప్రతిసారీ నేను మొదలుపెట్టేవాణ్ని, ఆయన చెయ్యి ముగించేది.

పోయే ముందు వారం ఆయన గడపలో కూర్చుని ఉంటే ఛాయ్ పట్టుకుపోయాను. ఆయాసపడుతున్నాడు. అయినా అడిగాను.

"బావా, ఇప్పుడన్న చెప్పు. అది గోలే గదా?"

"సచ్చేదాక అడుగుతవా ఏంది?"

"నువ్వు సచ్చేదాక అడుగుత."

నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గుతూనే చెయ్యి ఎత్తాడు. ఛాయ్ మాత్రం మొత్తం తాగాడు.

ఆయన పోయేనాటికి ఊళ్లో మళ్లీ ఏదో కొత్త జ్వరం తిరుగుతోంది. డాక్టరు గుండె ఆగిందని రాసిచ్చాడు. ఆ కాగితం ఆయన బిడ్డ నాకు చదివి వినిపించింది. గ్రూపులో మాత్రం దండాల కింద అప్పుడే మొదలైంది.

"గుండె అని అందరికి గట్లనే రాస్తున్నరు. గా జ్వరమే ఇది."

"మీవోళ్లు గద్దెనెక్కినంక జ్వరాలు గూడ దాసిపెడుతున్నరు."

"మీవోళ్లు ఉన్నప్పుడు దవాఖానల మంచమే దొరకకపోతుండె."

"ఎవ్వరు పోకుండ్రి. ఇంట్లనే ఉండి దండం పెట్టుకోండ్రి."

ఆయన బిడ్డ నా వాకిట్లోకి వచ్చి నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి. "మామా, పాడె మొయ్యనీకి ఎవరెవరు వస్తున్నరు? నాకు అన్నదమ్ములు లేరు గదా."

"అందరు వస్తున్నరు బిడ్డా" అన్నాను. గల్లీలో చూస్తే నేనూ, నాలాంటి మోకాళ్లు లేని ముసలాళ్లూ ఉన్నాం.

లోపలికి వచ్చి ఫోన్‌లో మాట్లాడి పంపాను. డాక్టరు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవడూ వినలేదు, తిట్లు నడుస్తూనే ఉన్నాయి. అప్పుడు నాకు తోచింది. నేనూ సాంచా నడిపినవాణ్నే, నాకూ చెయ్యి ఉంది. అదే గోడ ముందు నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, వేళ్లు దగ్గరగా పట్టి, ఎడమ చేత్తో ఫోటో తీసి పెట్టాను. ఇదే నా రోజు అనుకున్నాను.

"ఎవరి చెయ్యి ఇది?"

"కాకా, నువ్వు గూడ ప్రచారానికి దిగినవా? ఎన్నికలు అయిపోయినయి గద!"

"ప్రచారం కాదురా, సబ్బుతోని చేతులు కడుక్కోమంటున్నడు."

"సబ్బుతోని గీ జ్వరం పోతదా? ఎవడు చెప్పిండు నీకు?"

నా చెయ్యి మీద కూడా కొట్లాట మొదలైంది.

గోడ అవతల నుంచి ఏ చప్పుడూ లేదు, లేదంటే నాకు వినపడలేదు. తర్వాత ఫోన్‌లో పైకి, ఇంకా పైకి జరిపి, ఆయన పాత ఫోటో ఒకటి వెతికి పట్టుకున్నాను. మచ్చ స్పష్టంగా ఉన్న ఫోటో. మళ్లీ గ్రూపులో పెట్టాను. మనసొప్పి పెట్టలేదు. ఇంకో దారి లేక పెట్టాను.

ఆగింది. ఎవరూ దండం బొమ్మ కూడా పెట్టలేదు. కాసేపటికి గోల్‌కీపర్, "నేను బయలెల్లిన" అన్నాడు. ఆటోవాడు, "నాకా కాడ ఎవరున్నరు? నా బండిల జాగా ఉన్నది" అన్నాడు. ఎండ ముదిరేలోపు గల్లీ నిండింది. అందరి ముఖాలకూ గుడ్డలు. కొందరు ఇంట్లో ఉన్న చొక్కాతోనే వచ్చేశారు, ఎరుపూ ఉంది, నీలమూ ఉంది. పాడెకు ముందు వైపు నేను పట్టాను. వద్దు కాకా అన్నా వినలేదు. నా పక్కన రెండో కొన గోల్‌కీపర్ పట్టాడు.

తిరిగి వస్తుంటే ఆటోవాడు నా భుజం తట్టాడు. "మంచిగ యాది చేసినవ్ కాకా. మామ చెయ్యి లేసినంక ఎట్ల ఆగుతం?" అన్నాడు. నా కష్టం వాడికి కనపడలేదు. పోనీ.

ఈ ముక్కలు రాస్తున్నప్పటికి గ్రూపులో ఆ ఫోటో కింద ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆట ఉన్న రోజున మళ్లీ తిట్టుకుంటారు, నాకు తెలుసు. అప్పటిదాకా ఫోన్ తెరిస్తే కనపడేది అదే. నిన్న ఫోన్ చాప మీద పెట్టి, పక్కనే నా చెయ్యి పెట్టి చూశాను. వేళ్లు నావే పొడుగు. ఆ మాట గోడవైపు తిరిగి గట్టిగానే అన్నాను. గోల్ సంగతి మాత్రం ఎత్తలేదు. తర్వాత ఫోటో మీద నా అరచెయ్యి పెట్టి మొత్తం మూసేశాను. తీయగానే మళ్లీ అక్కడే ఉంది, మా గోడ ముందు, అడ్డంగా మచ్చతో, వేళ్లు దగ్గరగా పట్టి.