జంగు పట్టిన పానా, మా అత్త కత్తెర

పోయిన ఆదివారం వంటింట్లో కుళాయి కింద పైపు కారుతుంటే, మా కుంభారి కాలనీలోనే నాలుగు సందుల అవతల ఉండే ప్లంబరును పిలిపించాం. ఇద్దరు పిల్లల తండ్రి, మాట మంచిది, పని కూడా వచ్చినవాడే, కానీ అతను సంచిలోంచి తీసిన పానా చూడగానే నాకు ప్రాణం ఉసూరుమంది. తళతళా మెరిసిపోతోంది, పిడికి ఎర్ర రబ్బరు తొడుగు, పెళ్ళికొడుకులా ముస్తాబై ఉంది. తీరా నట్టుకు తగిలించి కాస్త బలంగా తిప్పాడో లేదో దాని దవడ విచ్చుకుపోయి, చెయ్యి జారి, పాపం వేళ్ళ కణుపులు గోడకు గీసుకుపోయాయి. నేనిక ఊరుకోలేక మంచం కింది నుంచి నా పెట్టె లాగి, నూనెగుడ్డలో చుట్టి ఉన్న నా పానా తీసి అతని చేతిలో పెట్టాను.

అతను వెంటనే పని మొదలుపెట్టలేదు. దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు, మరను చిటికెన వేలితో తిప్పి చూశాడు, దవడ నీళ్ళ మీద తేలినట్టు మెత్తగా ముందుకు జరిగింది. "ఏంది కాకా, గింత వజన్ ఉంది! గీ పానా యాడ దొరికింది నీకు?" అన్నాడు. పాత సామాన్లు అమ్మే జూనా బజారులో అన్నాను. అబద్ధం కాదు గానీ అది సగం మాటే, మిగతా సగం చెబుతూ కూర్చుంటే పైపు కారుతూనే ఉండేది కాబట్టి అతనికి చెప్పలేదు. మీకు చెబుతాను, మన ఈడువాళ్ళకు తీరికకు కొదవేముంది.

నేను బట్టల మిల్లులో జాబర్‌ను, అంటే మగ్గం మొండికేస్తే దానికి వైద్యం చేసేవాణ్ణి. పొద్దున గేటు లోపలికి వెళ్ళగానే స్టోరులో ఇత్తడి బిళ్ళ ఇచ్చి పనిముట్లు తీసుకోవడం, సాయంత్రం పనిముట్లు అప్పగించి బిళ్ళ వెనక్కి తెచ్చుకోవడం మా పద్ధతి. అవి మా తాతల నాటి పనిముట్లు. ఎన్ని చేతులు మారినా ఒక్కటీ వంగింది లేదు, పళ్ళు అరిగింది లేదు, పొద్దున్నే చల్లటి ఆ ఇనుమును అందుకుంటే ఒంట్లో ధైర్యం దానంతటదే వచ్చేది. అటువంటి మిల్లు ఒకనాడు మూతపడింది. అందరితో పాటు నేనూ గేటు బయటికి వచ్చి నిలబడ్డప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు, చేతిలో విద్య ఉంది, విద్యతో పట్టుకోవడానికి ఒక్క పానా కూడా నాది కాదని.

కొంతం చౌక్ వెనక సందులో మా పెదనాన్నకు టవల్లు నేసే పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. మా పెద్దమ్మ భర్త, ముక్కు మీద కోపం, నోట్లో ఎప్పుడూ తమలపాకు. నా సంగతి విని కబురు పెట్టాడు గానీ, ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి షెడ్డులో అడుగు పెట్టనివ్వనని కూడా ఆ కబురులోనే చెప్పించాడు. మరాఠీ ఊళ్ళో స్థిరపడ్డ మా సాలెవాళ్ళ పేటల్లో ఒక కట్టు ఉండేది. దసరాకు ముందు రోజు ఖండే నవమికి మగ్గాలన్నీ ఆపి, కడిగి, బంతిపూలు కట్టి పూజ చేసేటప్పుడు జాబర్ తన పనిముట్ల పెట్టెను మగ్గం పక్కన పెడతాడు. ఏ షెడ్డులో ఎవరి పెట్టెకు పూజ జరిగితే, మళ్ళీ దసరా దాకా ఆ షెడ్డు పని అతనిది. పెట్టెలో ఎరువు తెచ్చినవి ఉండకూడదు, ఎందుకంటే పూజలో ఎవరి పెట్టెలో ఉంటే ఆ వస్తువు ఇక వాళ్ళదే. తర్వాత తిరిగి ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ చేతిపని కలిసిరాదని మావాళ్ళ నమ్మకం. కాబట్టి దసరా లోపల నాది అనుకోదగ్గ పెట్టె ఒకటి నిండాలి, లేదంటే ఇంకో ఏడాది పాటు మా ఆవిడా, మా అత్తా చుట్టిన బీడీల మీద నేను కూర్చుని తినాలి. వాళ్ళు ఒక్క మాట అనేవాళ్ళు కాదు, నాకే ముద్ద గొంతు దిగేది కాదు.

కొత్త పనిముట్లు కొనే తాహతు లేదు. మిగిలింది జూనా బజారు. ఆ రోజుల్లో ఆ బజారు చూడని వాళ్ళకు చెప్పి నమ్మించడం కష్టం. మిల్లులు మూతపడ్డ కాలం కదా, ఏ దారిన బయటికి వచ్చాయో గానీ, జీవితమంతా స్టోరు కిటికీ అవతల చూసిన ఆ పనిముట్లన్నీ ఇప్పుడు దారి పక్కన గోనెపట్టాల మీద, పాత చెప్పుల పక్కన, విరిగిన స్టవ్వుల పక్కన పడి ఉండేవి. చెక్కలో ఇత్తడి పొదిగిన మట్టపు బద్దలు, లోపల నీటి బుడగ ఇంకా బతికే ఉంది. చేత్తో తిప్పే డ్రిల్లులు, తిప్పితే చప్పుడే లేదు. ఆకురాళ్ళు, సుత్తెలు, వేలెడంత పానా దగ్గర నుంచి మూరెడు పానా దాకా, ఏ దేశపు కొలిమిలో పుట్టాయో ఆ ఊళ్ళ పేర్లు ఒంటి మీద అచ్చు కొట్టించుకుని మరీ పడి ఉండేవి. అమ్మేవాడికి అవి ఇనుము, అంతే. మొదటి రోజు నేను ఆ పట్టాల మధ్య నోరు తెరుచుకుని నిలబడిపోయాను, దేవుడి సొమ్ములు వీధిలో కుప్ప పోసి ఉంటే ఎట్లా చూస్తామో అట్లా.

నోరు తెరుచుకుని నిలబడితే బేరం కుదరదని మా అత్తకు తెలుసు. నా వెంట బజారుకు వచ్చింది ఆమే. కార్ఖానాలో బీడీలు అప్పగించి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, నాకు పది అడుగుల వెనక నడిచేది. ఇక్కడ ఇంకో చిక్కు చెప్పాలి. మా ఇళ్ళల్లో అత్త అల్లుడితో ముఖం చూసి మాట్లాడదు. కొంగు తల మీదికి లాక్కుంటుంది, చెప్పాల్సింది కూతురికి చెబుతుంది, కూతురు ఎదురుగా లేకపోతే గోడకు చెబుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో అన్నం తింటూ, అన్నేళ్ళలో ఆమె నాతో సూటిగా ఒక్క మాట అన్నది లేదు, నేనూ అంతే. బజారులో కూతురూ లేదు, గోడా లేదు. అందుకని ఆమె నాకు చెప్పాల్సినవన్నీ అమ్మేవాడికి చెప్పేది.

ఆమె బేరం చూడముచ్చటగా ఉండేది. తనకు కావలసినదాన్ని ముట్టుకునేది కాదు, దాని పక్కన ఉన్న పనికిరానిదాన్ని ఎత్తి, ధర అడిగి, అయ్యో అని నవ్వి, కింద పెట్టి, కొంగు దులుపుకుని నాలుగు అడుగులు వేసేది. వాడు వెనక్కి పిలిచేవాడు. అప్పుడు దారిన పోతూ కాలికి తగిలినట్టు అసలుదాన్ని చూపించి, ఇదిగో ఇదన్నా ఇస్తావా తూకానికి, అనేది. వాడి బాధ వాడిది గానీ, నాకు నవ్వు ఆపుకోవడం కష్టమయ్యేది.

ఒకనాడు నేనొక పానా చూసి మనసు పారేసుకున్నాను. కొత్తగా పూత వేసి ఉంది, తళతళలాడుతోంది, ధర కూడా అందుబాటులోనే చెప్పాడు. చెయ్యి చాపాను. వెనక నుంచి అత్త గొంతు వినపడింది, నాతో కాదు, అమ్మేవాడితో. "ఓ భావూ, గా మెరిసేది నీ తాననే ఉంచుకో. అడుగున జంగు పట్టింది ఉన్నది సూడు, అది తియ్యి. మా అల్లునికి జంగంటే భయం, నాకు లేదు."

వాడు తీసింది చూసి నాకు ఏడుపొచ్చింది. ఎర్రటి తుప్పు ముద్ద, మర కదలదు, దవడలు కరుచుకుపోయి ఉన్నాయి. అత్త దాన్ని తీసుకుని పిడి మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది. అక్కడ తుప్పు కింద ఇనుము చిన్న గుంటలాగా అరిగి ఉంది, ఎవరిదో వేలు ఏళ్ళ తరబడి అక్కడే ఆని ఉండాలి. "ఇగో, ఎంత అరిగిందో సూడు భావూ. పనికిరానిదాన్ని గింత అరిగేదాక ఎవ్వరన్న పడతరా?" అంది, చూపు మాత్రం నా వైపు తిప్పకుండా. ఆ ఆలోచన నాకు జన్మలో తట్టేది కాదు. కొన్నాం, దాదాపు ఊరికే వచ్చినట్టు వచ్చింది.

ఇంటికి తెచ్చి కిరసనాయిలులో నానేశాను. కొన్నాళ్ళు నానిన తర్వాత ఇటుక పొడి అద్దిన నూలు పీచుతో రుద్దుతూ ఉంటే, ఎర్రటి మురికి కింద నుంచి నల్లగా, నిండుగా, ముదురు రంగు ఉక్కు మెల్లగా బయటికి వచ్చింది. పిడి మీద చిన్న చిన్న చుక్కలతో కొట్టిన చేప గుర్తు కనిపించింది. ఎవరో ముందటి జాబర్ తన గుర్తుగా పొడిచి ఉంటాడు, అతనెవరో, ఏ పేటవాడో దేవుడికి తెలియాలి. ఉన్నట్టుండి మర కదిలింది. దవడ జరిగింది, ఈ మధ్య ప్లంబరు చేతిలో జరిగినట్టే, మెత్తగా. ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి. గడపలో కూర్చుని ఆకు కత్తిరిస్తున్న అత్త తల ఎత్తకుండానే గోడతో అంది, నేను చెప్పలేదా అని.

అట్లా ఒక్కొక్కటే చేర్చుకుంటూ దసరా నాటికి పెట్టె నిండింది. ఖండే నవమి పొద్దున తలంటుకుని, పెట్టె భుజాన పెట్టుకుని, కొంతం చౌక్ దాటి పెదనాన్న షెడ్డుకు వెళుతుంటే భూమ్మీద నడిచినట్టు లేదు. మగ్గాల మీద బంతిపూలు, కొబ్బరికాయలు సిద్ధంగా ఉన్నాయి. పెదనాన్న పెట్టె తెరిచి ఒక్కొక్కటే తీసి చూశాడు. చేప గుర్తు పానాను చాలాసేపు పట్టుకున్నాడు, శభాష్ అన్నట్టు తల ఊపాడు కూడా. తర్వాత పెట్టె అడుగంతా చేత్తో తడిమి నా ముఖంలోకి చూశాడు.

"కత్తెరేదిరా? కత్తెర లేనిది సాలోళ్ళ పెట్టె ఎట్లయితది? ఇది సైకిల్ దుకాణపోని పెట్టె. కాయ కొట్టేలోపల తెస్తే సరే, లేకుంటే మరో ఏడు సూద్దాం."

తెగిన పోగు కత్తిరించనిదే జాబర్ పని ఒక్కటీ మొదలవదు, అది నాకు తెలియక కాదు. మా ఇంట్లో ఎటు చూసినా కత్తెరే, ఆకు కత్తిరించేవి, పాతవి, మొండివి, చాపల కింద, చేటల్లో. కత్తెర అనేది కొనాల్సిన వస్తువని బీడీలు చుట్టే ఇంట్లో ఎవరికి తోస్తుంది! బజారులో కత్తెరలు కనపడినా, మనకెందుకని దాటిపోయాం. ఇప్పుడు కొందామంటే ఆ రోజు ఇనుము అమ్మే దుకాణం తెరవరు, అడుగుదామంటే ఎవరి పనిముట్టూ గడప దాటనివ్వరు. ఇంట్లో ఉన్న మొండివాటికి పోగు తెగదు, ఆకు కోసే పదునున్నవి రెండే, ఒకటి మా ఆవిడది, ఒకటి అత్తది. నా పెట్టెలోకి వస్తే అవి నావైపోతాయి, వాళ్ళ చేతుల్లో పని పోతుంది.

అడగకూడదనుకుంటూనే ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ పూలకని బయటికి వెళ్ళింది. అత్త ఒక్కతే పీట మీద తన కత్తెర పెట్టి, పసుపు రాసి, కుంకుమ అద్దబోతోంది. నేను గుమ్మంలో నిలబడి, ఆయాసపడుతూ, గోడతో చెప్పాను, కత్తెర మరిచిపోయిన అని.

ఆ కత్తెర ఆమె పెళ్ళికి ముందు నుంచీ ఆమె చేతిలో ఉన్నది. భర్త పోయిన తర్వాత కూతుర్ని పెంచింది దానితోనే. దాని పిడి ఉంగరం లోపల ఆమె బొటనవేలి మేరకు ఇనుము అరిగి, నునుపు తేలి, అద్దంలా మెరిసేది. ఆమె కాసేపు దాని వైపే చూసింది. తర్వాత లేచి, కొంగు తల మీదికి లాక్కోకుండా, సూటిగా నా ఎదుటికి వచ్చి నిలబడింది.

"అయ్యా, చెయ్యి చాపు. ఇయ్యాల్టి సంది ఇది నీది. జల్దీ పో, వాళ్ళు కాయ గొడతరు."

సగం దారిలో గానీ నాకు తట్టలేదు, ఆమె మాట్లాడింది నాతో అని.

ఆ నవమికి నా పెట్టెకు పూజ జరిగింది. మర్నాటి నుంచి మగ్గాలు ఉన్నంత కాలం నేను జాబర్‌గానే బతికాను, ఒకరి ముందు చెయ్యి చాపలేదు. ఆమె కొత్త కత్తెర కొనుక్కుంది. అది వేలికి పట్టక బొబ్బలెక్కినా, నెత్తురు కారుతున్న వేలికి గుడ్డ కట్టుకుని ఆకు కత్తిరించింది. ఆ బొబ్బలు చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆమె మాత్రం మళ్ళీ గోడతోనే మాట్లాడేది, నవ్వుతూ. ఇప్పుడు ఆమె లేదు, పెదనాన్న లేడు, ఆ షెడ్డున్న చోట బట్టల దుకాణాలు లేచాయి. బీడీ కార్మికురాలని మా ఆవిడ పేరున వచ్చిన ఈ ఇంట్లో గోడలు బాగానే ఉన్నాయి గానీ వాటితో మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు.

పైపు బాగయ్యాక ఆ ప్లంబరు పానాను తుడిచి ఇచ్చాడు గానీ, ఇచ్చాక కూడా దాని వైపే చూస్తున్నాడు. అమ్ముతావా కాకా అని అడిగాడు, మెల్లగా. అమ్మనన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఖండే నవమి పొద్దున నీ సంచి తీసుకుని మా ఇంటికి రా, పూజలో పానా నీ సంచిలోనే పెడతాను అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో అతనికి తెలియదు, ఇప్పటివాళ్ళకు ఎవరికీ తెలియదు, రెండు మాటల్లో చెప్పాల్సి వచ్చింది. విని సంచి విప్పి, అందులో పానాకు చోటు చూసుకున్నాడు. అతని సంచిలోవన్నీ ఏడాది తిరక్కుండా పారేసేవే, ఏ ఒక్కటీ అతని వేలు గుర్తుపట్టేదాకా ఉండదు. కనీసం ఇదొకటి ఉంటుంది.

అతను వెళ్ళాక పెట్టె మూయబోతూ కత్తెర తీశాను. పానా ఇవ్వగలను, ఇది మాత్రం ఇవ్వలేను. ఎన్ని వేల పోగులు కత్తిరించానో దీనితో, నా చేతిలో ఇన్నేళ్ళున్నా ఆ ఉంగరం నాకు లొంగలేదు. ఇప్పుడూ వేలు పెట్టి చూశాను. లోపల ఆమె బొటనవేలి చోటు అట్లాగే ఉంది, నా వేలు ఇప్పటికీ అందులో వదులే.