నడిగూడెం మలుపు

మేము సూర్యాపేటలో పరదేశీయులం. నవ్వకండి, అది సర్కారువాళ్లు పెట్టిన పేరు. మా సొంతూరు నడిగూడెం. ఎడ్లబండి మీద తెల్లవారుతూనే బయలుదేరితే పొద్దు గుంకేలోపు చేరుకునేంత దూరం. కానీ నడిగూడెమూ దాని చుట్టూ ఉన్న కొన్ని పల్లెలూ మద్రాసు ఇలాకాలో ఉండేవి, సూర్యాపేటేమో నైజాం ఇలాకా. నాలుగు వైపులా నైజాం, నడుమ ఆ ముక్క మాత్రం ఇంగ్లీషువాళ్లది. స్వరాజ్యం వచ్చి ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు గాని ఆ గీత పోలేదు. పైగా గీత దగ్గర తుపాకులు కూడా వచ్చి చేరాయి.

నాన్నకు సూర్యాపేటలో బస్సులు ఆగే చోట గోలీసోడా కొట్టు ఉండేది. సీసాలు బెజవాడ నుంచి రావాలి. సుంకం నాకా దగ్గర పెట్టెల్లోని గడ్డి పీకి సీసా సీసా లెక్కపెట్టేవాళ్లు, దారిలో పగిలినవాటికి కూడా సుంకం కట్టమనేవాళ్లు. పగిలింది సీసా ఎట్లా అవుతుందని నాన్న ప్రతిసారీ కొట్లాడేవాడు, ప్రతిసారీ కట్టేవాడు. రూపాయలూ రెండు రకాలు. ఇక్కడ చెల్లేది హాలీ, అవతల చెల్లేది కల్దారు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చిపెట్టే సేటు ఒకాయన ఉండేవాడు, మాకు తెలిసిన బ్యాంకు ఆయనే. నాన్న చొక్కాకు రెండు జేబులు కుట్టించుకుని, ఎందులో ఏది వేశాడో మరిచిపోయి అమ్మ చేత చీవాట్లు తినేవాడు. అవన్నీ మాకు అలవాటైన తలనొప్పులు. వాటితో ఎవరి ప్రాణం మీదికీ రాలేదు.

ప్రాణం మీదికి వచ్చింది అక్క విషయంలో. అక్కను అమ్మ తమ్ముడికే, అంటే మా మేనమామకే ఇచ్చారు. నడిగూడెంలో వాళ్లింట్లో మరో ఆడమనిషి లేదు, అమ్మమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. అక్కకు మొదటిసారి అయిదో నెలలోనే కడుపు పోయింది, తను కూడా చావు దాకా వెళ్లి వచ్చింది. అందుకే రెండోసారి నిలిచినప్పుడు ఏడో నెల రాగానే పుట్టింటికి తెచ్చుకోవాలని అమ్మ పట్టుబట్టింది. తేవడం కుదరకపోతే తనే వెళ్లి పురుడు పోస్తానంది. తేవాలన్నా, వెళ్లాలన్నా రాహ్‌దారీ చీటీ ఉండాలి. గీత దాటి పోవడానికీ, తిరిగి రావడానికీ సర్కారు ఇచ్చే అనుమతి కాగితం అది. మాలాంటివాళ్లకు అది ఇచ్చే కచేరీ కోదాడలో ఉండేది.

నాన్నా నేనూ కోదాడకు బయలుదేరాం. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి అది, నాకు పదహారేళ్లు. బడిలో ఉర్దూ నాలుగు తరగతులు చదివాను. ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే, ఆ గీర కూడా నాకు బాగానే ఉండేది. కోదాడకు ఉన్నది ఒకటే రోడ్డు. అది మా ఊరి ముక్క మధ్యలోంచే పోతుంది. బొగ్గుతో నడిచే బస్సు ఎక్కేటప్పుడు జవాను తలలు లెక్కపెట్టేవాడు, అవతల దిగేటప్పుడు ఇంకో జవాను ఆ లెక్క సరిచూసేవాడు. నడుమ ఎవరూ దిగకూడదు. నడిగూడెం మలుపు వచ్చింది. అక్కడ దిగి నడిస్తే అక్క ఇల్లు రెండు కోసులు. అక్క ఊరికి పోవడానికి అనుమతి అడగడం కోసం అక్క ఊరి పక్కనుంచే పోతున్నాం. నాన్న తల తిప్పి అటు చూడలేదు. నేను చూశాను, మలుపు కనిపించకుండా పోయేదాకా చూశాను.

కచేరీలో గుమస్తా చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. నాన్న చెప్పిందంతా విని మా నమోదు కాగితం అడిగి తీసుకుని, చదివి, మళ్లీ చదివాడు.

"మీకు వతన్ లేదని మీరే రాయించిండ్రు గద. ఏ ఊరూ లేనోనికి ఏ ఊరికని చీటీ రాయాలె?" అన్నాడు.

ఆ మాట ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఆ ముందటి చలికాలంలో బయటి ఇలాకాలవాళ్లంతా పేర్లు రాయించుకోవాలని సూర్యాపేటలో చాటింపు వేశారు. నాన్న వెళ్లి వరుసలో నిలబడ్డాడు. పేరు అడిగారు, తండ్రి పేరు అడిగారు, ఏం పని చేస్తావని అడిగారు. ఆ తర్వాత "వతన్?" అన్నారు. ఉర్దూలో వతన్ అంటే పుట్టిన గడ్డ. కానీ మా చుట్టుపక్కల పల్లెల్లో వతన్ అంటే పటేలు, పట్వారీ కుటుంబాలకు తాతల నాటి నుంచి వచ్చే పెత్తనం. ఫలానా వాళ్లకు వతనుంది అంటే వాళ్లు ఊరి దొరలని. నాన్న నైజాం ఇలాకాలో పదమూడేళ్లుగా ఉండి అక్కడి మాటలన్నీ పట్టాడు, ఈ మాట కూడా అట్లాగే పట్టాడు. వతన్ ఉందంటే ఎక్కడ పెద్దమనిషి కింద కట్టి మరో పన్ను వేస్తారోనని చేతులు జోడించి, అట్లాంటివి మాకేం లేవు సాబ్, బతకొచ్చినవాళ్లం అన్నాడట. నిన్నగాక మొన్న వచ్చిన కొత్తవాడైతే అర్థం కాక మళ్లీ అడిగి ఉండేవాడు. మా నాన్న అర్థమైందనుకున్నాడు.

తప్పు ఆయనొక్కడిదే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ కాగితం ఇంటికి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. నేను వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్లు కూడా వినాలని గొంతు పెంచి చదివాను. "వతన్, నదారద్." నదారద్ అంటే లేదని అర్థం చెప్పి, సరిగ్గానే రాశాడు నాన్నా, అన్నాను. బళ్లో చదివిన పాఠంలో వతన్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ రోజు మాత్రం నేను కూడా పటేళ్లనే తలుచుకున్నాను. నాలుగు తరగతుల చదువు మూడు అక్షరాల మాట దగ్గర బోర్లా పడింది.

కోదాడ గుమస్తా మాకు ఒక దారి చూపించాడు. నాన్న ఈ ఇలాకాలోకి వచ్చి మొదట ఎక్కడ దిగాడో, అక్కడి పెద్దమనిషి చేత ఈయన నడిగూడెం నుంచి వచ్చినవాడని రాయించుకు రమ్మన్నాడు. నడిగూడెం కరణం రాసిచ్చినా చాలన్నాడు. దానికోసం నడిగూడెం వెళ్లాలి కదా అని నేను అన్నాను. ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు.

నాన్న మొదట దిగింది మిర్యాలగూడలో. అక్కడ ఒక ముసలాయన సోడా కొట్టులో సీసాలు కడుగుతూ పని నేర్చుకున్నాడు. అయిదు రోజుల తర్వాత మేము అక్కడికి వెళ్లేసరికి ముసలాయన మంచంలోంచి లేచి వచ్చి నాన్నను వాటేసుకున్నాడు. అన్నం పెట్టించాడు. సంగతంతా చెప్పి కాగితం అడిగితే ఆయనకు కోపం వచ్చింది.

"నువ్వు బయటోనివని నా చేతులతోని నేనెట్ల రాయిస్త తమ్మీ? నా ఇంట్ల తిన్నవ్, నా కొట్ల పని నేర్సినవ్. బయటోళ్లంటే ఇయ్యాల రేపు ఏం జేస్తున్నరో సూస్తలేవా?"

అర్జీలు రాసే మనిషిని పిలిపించి, ఈయన పుట్టుకతో మావాడే, మిర్యాలగూడవాడే అని రాయించి కింద వేలిముద్ర వేశాడు. ఆ కాగితం కూడా నేనే చదివాను. చదువుతుంటే నాన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మావాడే అన్న చోటు నేను ఇంకోసారి చదివాను. పదమూడేళ్లలో మమ్మల్ని మావాళ్లని కాగితం మీద రాసినవాళ్లు ఎవరూ లేరు. ఆ ప్రేమలో మేము వెళ్లిన పనేమిటో ముగ్గురమూ మరిచిపోయాం.

ఇంటికి వచ్చేసరికి గాజులామె వచ్చి కూర్చుంది. ఆమె గంప నెత్తిన పెట్టుకుని పొలాల గట్ల వెంట రెండు ఇలాకాలూ తిరిగేది. నాకావాళ్ల ఆడవాళ్లకు కూడా గాజులు కావాలి కాబట్టి ఆమెను ఎవరూ ఆపేవాళ్లు కాదు, గంపలో కాగితం ముక్క దొరికితే మాత్రం వదలరని కబుర్లు నోటితోనే మోసేది. అక్క కాళ్లు వాచాయని, లేచి నడవలేకపోతోందని, అమ్మను ఒక్కసారి పంపించమని ఏడ్చిందని చెప్పింది. అమ్మ లేచి చెంగు దోపుకుంది. ఈమె వెంట నేనూ గట్ల మీద పోతానంది. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అంతకు వారం ముందే గట్ల మీద దొరికిన ఇద్దరిని కొట్టి లోపలేశారు. పేర్లు రాయించుకున్నవాళ్లలో ఒకరు కనబడకపోతే కొట్టుకు తాళం వేసి అందరినీ తరిమేస్తారని కూడా చెప్పుకునేవాళ్లు.

"ఇంకొక్క నాలుగు రోజులు ఆగు. కాగితం దొరికింది. దర్జాగా బస్సులో పోదువుగాని," అన్నాడు నాన్న.

అమ్మ నా వైపు చూసింది. కాగితం బాగా రాశారా అని అడిగింది. చాలా బాగా రాశారమ్మా అన్నాను. అమ్మ దోపుకున్న చెంగు వదిలేసింది. సోమవారం కోదాడ బస్సులో పోతున్నామని, చీటీ రాగానే అమ్మ వస్తుందని గాజులామె చేత మామయ్యకు కబురు పంపాం.

సోమవారం గుమస్తా ఆ కాగితం చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటి కాగితం ఈయనకు ఏ ఊరూ లేదంటోంది, రెండోది మిర్యాలగూడలో పుట్టాడంటోంది, నడిగూడెం అన్నది రెండింటిలోనూ లేదు అన్నాడు. పైగా ఇక్కడ పుట్టినవాడికి అవతలి ఇలాకాలో ఏం పనని పైవాళ్లు అడిగితే తన ఉద్యోగం పోతుందన్నాడు. అతను చెప్పింది నిజమే, అందుకే నాకు ఇంకా మండింది. పగిలిన సీసా కోసం గంట సేపు కొట్లాడే మా నాన్న కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. మలుపు దగ్గరికి వస్తుంటే రోడ్డు పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చాక చూస్తే మామయ్య. పొద్దున మా బస్సు దాటిపోయాక వచ్చి, అప్పటి నుంచి ఎండలో నిలబడి బస్సుల్లో మా కోసం వెతుకుతున్నాడని తర్వాత తెలిసింది. నాన్న బస్సు ఆపమని అరిచాడు. డ్రైవరు వేగం తగ్గించాడు గాని ఆపలేదు, తలల లెక్క తప్పితే వాడి మెడకు చుట్టుకుంటుంది. మామయ్య బస్సు వెంట పరుగెత్తాడు. బొగ్గు బస్సు చప్పుడులో ఆయన అన్న రెండు మాటలు మాత్రం మాకు వినబడ్డాయి.

"పిల్ల పోయింది."

మామయ్య అక్కను చిన్నప్పటి నుంచి పిల్ల అనే పిలిచేవాడు. పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. ఇంట్లో మేమందరం కూడా అక్కను అట్లాగే అనేవాళ్లం. నాన్న తల బయటికి పెట్టి ఏ పిల్ల, ఏ పిల్ల అని అడిగాడు. మామయ్య అప్పటికే రోడ్డు మీద కూలబడిపోయాడు.

ఇంటికి వచ్చి అమ్మకు ఆ రెండు మాటలూ చెప్పాం. దాచుకోవడం మా ఇద్దరికీ చేత కాలేదు. అమ్మ కూడా అదే అడిగింది, ఏ పిల్ల అని. నాలుగు రోజులు అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లలేదు, పచ్చి గంగ ముట్టలేదు. నాన్నతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు నన్ను నేను చంపుకోవాలన్నంత కోపం వచ్చేది. చాలా బాగా రాశారమ్మా అన్న నా మాట నా చెవుల్లోనే మోగుతుండేది.

అయిదో రోజు పొద్దున్నే గాజులామె వచ్చింది. ఆడపిల్ల పుట్టిందని, ఒక్క పగలు మాత్రం ఉండి పోయిందని, అక్కకు జ్వరం తగ్గి కాస్త గంజి తాగుతోందని చెప్పింది. మంత్రసాని సరిగా చూడలేదని, పెద్ద దిక్కు ఎవరైనా ఉంటే బిడ్డ దక్కేదని కూడా అంది. ఆ చివరి మాట అమ్మకు వినబడలేదో, వినదలచుకోలేదో. లేచి ముఖం కడుక్కుని, అన్నం వండుకుని, పచ్చి మిరపకాయ నంజుకుంటూ కడుపు నిండా తిన్నది. నేను చూస్తూ కూర్చున్నాను. నాకు కూడా ప్రాణం లేచి వచ్చింది, అందుకు సిగ్గేసింది కూడా.

వానలు వెనకబట్టే రోజుల్లో యూనియన్ సైన్యం ఆ రోడ్డు మీదుగానే వచ్చింది. నాకా దగ్గర మనుషులు లేకుండా పోయారు. పది రోజుల తర్వాత మామయ్య అక్కను బండిలో తీసుకొచ్చి దింపి వెళ్లాడు. దారిలో ఎవరూ ఏమీ అడగలేదట. అక్క మనిషి సగమైంది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది, ఏడ్చేది మాత్రం కాదు.

ఒక మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే అక్క అడిగింది.

"నా బిడ్డ పోయిందని తెలిసిన రోజు అమ్మ ఏం చేసింది?"

చాలా ఏడ్చిందక్కా అన్నాను. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"అది అబద్ధం చెప్తోంది. నువ్వు బతికున్నావని కడుపునిండా అన్నం తిన్నానే పిల్లా."

అక్క అమ్మ ఒళ్లో తల పెట్టి అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు కొట్టు దాకా వినబడినట్టుంది, నాన్న పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మ తలెత్తి చూసింది గాని లోపలికి రమ్మనలేదు.