సైకిళ్ళకు కాపలా కాసిన ఆదివారాలు

ఆ రోజుల్లో ఆదివారానికి ఇప్పటికంటే ఎక్కువ గంటలుండేవని నా గట్టి నమ్మకం. అరవయ్యో దశకం చివర, ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో, విజయనగరంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. భావనపాడు దగ్గర సముద్రపు గాలికి పెరిగినవాణ్ణి. మా ఊళ్ళో గడప దాటితే చాలు, నలుగురు "ఏట్రా, ఎటెల్తన్నావ్" అని అడిగేవాళ్ళు. అప్పట్లో ఆ ఆరాలకు తెగ చిరాకుపడేవాణ్ణి. విజయనగరంలో ఆరు నెలలు తిరిగినా ఒక్కరూ అడగలేదు. నేను అద్దెకున్న గదిలో ఒక నులక మంచం, ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒక స్టీలు గ్లాసు ఉండేవి. (ఒక్క గ్లాసెందుకంటే, రెండో మనిషి వచ్చే సూచనలేవీ లేవు గనక.) మిగతా రోజులు ఫైళ్ళతో గడిచిపోయేవి. ఆదివారం మాత్రం మెస్సులో మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం, ఆ తర్వాత మనిషి మొహం కనబడేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం, పొద్దుటి నుంచి ఎన్ని మాటలు పలికానా అని లెక్కపెట్టుకుంటే రెండు తేలాయి. ఒకటి "చారు", రెండోది "చాలు". ఆ రెండూ మెస్సులో వడ్డించేవాడితో అన్నవే. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను, చూసేవాళ్ళెవరూ లేరు కదా.

మాది బాప్టిస్టు కుటుంబం. ఆ జిల్లాల్లో మా వాళ్ళ చర్చిలకు కొదవలేదు, విజయనగరంలోనూ ఉంది. అయినా నేనటు పోలేదు. కారణం నీళ్ళు. మా వాళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగాక, తనంతట తాను ఒప్పుకుని, ఏట్లో దిగి నిలువునా మునిగినవాడికే అది దక్కుతుంది. మునిగినవాడే సంఘంలో సభ్యుడు, వాడికే ప్రభు భోజనపు బల్ల దగ్గర చోటు. సముద్రం పక్కనే పుట్టి నీళ్ళంటే వణికిపోయే పిల్లాణ్ణి మా ఊరంతటికీ నేనొక్కణ్ణే. పదహారో ఏట తెల్లబట్టలు కట్టి నన్ను ఉప్పుటేట్లోకి దింపారు. మా నాన్న చర్చి పెద్ద, ఒడ్డున నిలబడి పాట ఎత్తుకున్నాడు. నడుము లోతు దాకా బాగానే ఉన్నాను. మా ఊరి పాస్టరు గారు ఒక చెయ్యి నా వీపు వెనక వేసి, రెండో చేత్తో ముక్కు మీదికి రుమాలు తెచ్చేసరికి, ఆ చెయ్యి విదిలించుకుని ఒడ్డెక్కి పరుగు తీశాను. ఒడ్డున పాట ఆగలేదు, నేనూ ఆగలేదు. తడిబట్టలతో వీధి వెంట ఇంటిదాకా పరిగెత్తాను. ఆ రోజు నుంచి మా నాన్న ఆ సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

అందుకని విజయనగరంలో నా సంగతి ఎవరూ అడగని చోటు వెతుక్కుంటుంటే, రైల్వే క్వార్టర్ల అవతల ఒక పెంకుటింటి మీద చెక్క సిలువ కనబడింది. అది మెథడిస్టు చర్చి. రైలు ఉద్యోగాల మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిపడిన ఏడు కుటుంబాలు, అందరికీ కలిపి ఒక పాస్టరు గారు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. అందరూ అయ్యగారనేవాళ్ళు. మొదటి ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నానో లేదో, ముందు వరసలోంచి ఒకావిడ వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, కొత్తగా ఉన్నావు, ఎవులి అబ్బాయివి?" అంది. ఆమె స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, అందరికీ పెద్దమ్మ. పాలకొండ వైపు మనిషి, పెళ్ళితో మెథడిస్టయింది. ఆరు నెలల తర్వాత నన్ను మొదటిసారి ఆరా తీసిన ఆ గొంతు కోసమే నేను మరుసటి ఆదివారం కూడా వెళ్ళాను. భక్తి అని చెప్పుకోవచ్చుగాని, ఈ వయసులో అబద్ధమెందుకు.

ప్రసంగం అయ్యాక ప్రకటనలుండేవి. నా ప్రాణమంతా అక్కడే. సంఘ కార్యదర్శి రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తా, ఆయన్ని అందరూ పార్సెల్ మావ అనేవారు. వారమంతా పెట్టెల మీది చీటీలు పైకి చదివి పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. అందువల్ల చేతికొచ్చిన ఏ కాగితాన్నయినా ముందూ వెనకా చూడకుండా అదే రాగంతో చదివేసేవాడు. "మంగళవారము మధ్యాహ్నము మూడు గంటలకు స్త్రీల సమాజము. బుధవారము బైబిలు తరగతి. శుక్రవారము సాయంకాలము ఆరున్నరకు గృహ ప్రార్థన, గార్డు గారింట. శనివారము చర్చి ఊడ్చుట, పాటల సాధన. వచ్చే నెల కోతల పండుగ. అందరును తప్పక రావలెను." ఆ చివరి మాట నాకోసమే రాశారనుకుని నేను అన్నిటికీ వెళ్ళేవాణ్ణి. ఒక మంగళవారం ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి స్త్రీల సమాజానికి కూడా వెళ్ళాను. తొమ్మిది మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని బొంతలు కుడుతున్నారు. నన్ను చూసి అందరి సూదులూ ఆగాయి. చివరికి పెద్దమ్మే, "వచ్చినోడు ఎలాగూ వచ్చినాడు, కళ్ళు బాగున్న వయసు, సూదుల్లో దారాలెక్కించనీండి" అంది. సాయంత్రం దాకా దారాలెక్కించాను. అంత సంతోషంగా మంగళవారం గడిచి ఎన్నాళ్ళయిందో.

గృహ ప్రార్థన సభ్యుల ఇళ్ళల్లో వంతుల ప్రకారం తిరిగేది. గార్డు గారింట, డ్రైవరు గారింట, పెద్దమ్మగారింట. ఏడు ఇళ్ళూ తిరిగి మళ్ళీ మొదటికి వచ్చేది. ప్రతి ఆదివారం ఆ జాబితా వింటూ నా గది పేరు ఎప్పుడొస్తుందా అని పిచ్చిగా అనుకునేవాణ్ణి. సభ్యుడు కానివాడి ఇంటికి వంతు రాదు. ఆ వంతు కంటే నాకు వేరే ఆశ లేదు. మోక్షం సంగతి తర్వాత, ముందు పార్సెల్ మావ నోటివెంట నా గది పేరు వినాలి.

ఒక చిక్కు మాత్రం ఉండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం. బాప్తిస్మం లేనివాడు బల్ల దగ్గరికి పోకూడదని నాకు చిన్నప్పటి నుంచీ ఎరుకే. పోకపోతే ఎందుకని అడుగుతారు. కనక ఆ పాట ఎత్తుకోగానే మెల్లగా లేచి బయటికి వచ్చి, గోడకు ఆనించిన సైకిళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. లోపల అందరూ మోకరించే చప్పుడు వినబడేది. ఒక్కణ్ణీ ఎండలో నిలబడి, ఎవడూ దొంగిలించబోని సైకిళ్ళను చూస్తుండేవాణ్ణి. ఇది వాళ్ళు మరోలా అర్థం చేసుకున్నారు. "దేవుడి బల్ల కూడా ఒదులుకుని మన సైకిళ్ళు కాస్తన్నాడు, ఈ కాలంలో ఇలాటి గుంటడు ఎక్కడ దొరుకుతాడు" అని పార్సెల్ మావ నలుగురిలోనూ అన్నాడట. నాలుగు నెలలు గడిచేసరికి నన్ను సంఘంలో సభ్యుడిగా చేర్చుకోవాలని తీర్మానించారు. నా పిరికితనం త్యాగం కింద జమ అయిపోయింది.

అయ్యగారు నన్ను పిలిచి, "నీకు చిన్నతనంలో బాప్తిస్మం అయ్యే ఉంటుంది కదా నాయనా" అన్నారు. మెథడిస్టులు పసిపిల్లల తల మీదే నీళ్ళు చిలకరించేస్తారు. క్రైస్తవుల ఇంట పుట్టినవాడు ఇరవై ఏళ్ళు పొడిగా తిరుగుతాడని ఆయనకు తట్టనే లేదు. లేదని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో, "మా నాన్న చర్చి పెద్దండి" అన్నాను. అది అబద్ధం కాదు. (నిజం కూడా ఆ చుట్టుపక్కల లేదు.) ఆయన సంతోషించి, అయితే మీ సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెప్పిస్తే చాలన్నారు, తానే రాస్తానన్నారు. ఆ సంఘం ఉత్తరాలు రాసేది మా నాన్నే. మా నాన్న అబద్ధం రాయడని నాకు తెలుసు. అయినా రైలు తప్పో, వాన వచ్చో, జవాబు ఎక్కడో చిక్కుపడిపోతుందని రోజూ ఆశపడ్డాను.

జవాబు కార్డు మీద వచ్చింది. చర్చి ఉత్తరాలన్నీ పార్సెల్ ఆఫీసు చిరునామాకే వచ్చేవి. పార్సెల్ మావ దాన్ని ప్రకటనల పుస్తకంలో పెట్టుకుని, ఆదివారం దాని వంతు రాగానే చదివాడు.

"స్త్రీల సమాజము మంగళవారము మూడు గంటలకు. మీ సంఘమునకు వందనములు. మీరు అడిగిన చిన్నవాడు నా కుమారుడే. వీడు బాప్తిస్మము పొందలేదు. పదహారవ యేట ఉప్పుటేటిలో నడుము లోతు దిగి, మా పాస్టరు గారి చేయి విదిలించుకొని, తడిబట్టలతో ఇంటికి పరుగెత్తెను. కనుక బదిలీ చేయుటకు మావద్ద ఏమియు లేదు. అయినను చెడ్డవాడు కాడు. ఒంటరిగా ఉండలేడు. చిన్నప్పుడు దొడ్లోనికి పోవలెనన్నను ఎవరినైన తోడు పిలిచెడివాడు. ఆదివారము నాడు ఎవరైన వానికి ఇంత అన్నము పెట్టినయెడల మిక్కిలి సంతోషించెదము. బుధవారము బైబిలు తరగతి."

బుధవారం దాకా వచ్చాక గాని పార్సెల్ మావకు తాను చదివింది తలకెక్కలేదు. కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. అందరూ చూశారు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత పెద్దవాళ్ళలో ఒకరిద్దరు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఏటి సంగతి చదివినప్పుడు సిగ్గుతో చచ్చానుగాని, అన్నం సంగతి చదివినప్పుడు మాత్రం తల ఎత్తలేకపోయాను. మా నాన్న ఇన్నాళ్ళూ ఏమీ మాట్లాడనిది నామీద కోపంతోననే అప్పటిదాకా అనుకున్నాను.

ఆరాధన అయ్యాక సభ్యులు మాత్రం లోపల ఆగారు. నేను అలవాటుకొద్దీ సైకిళ్ళ దగ్గర నిలబడ్డాను. లోపల మాటలు వినబడుతున్నాయి, ఏమిటో తెలియడం లేదు. ఒకసారి పెద్దమ్మ గొంతు లేచి, "అలగైతే మరి ఆడికి కూడు ఎవులు పెడతారు?" అనడం మాత్రం తెలిసింది. కాసేపటికి అయ్యగారు బయటికొచ్చారు.

"చిలకరించడానికి నాకు చెంబెడు నీళ్ళు చాలు, వచ్చే వారమే చేసెయ్యొచ్చు," అన్నారు. "కాని నువ్వు మా దగ్గరికి దేవుడి కోసం వచ్చావా, ఏటికి భయపడి వచ్చావా?"

"రెండూ కాదండి," అన్నాను. "ఆదివారం నాతో మాట్లాడేవాళ్ళు లేరండి."

ఆయన ఒరిగిన సైకిలొకటి సరిగ్గా గోడకు ఆనించారు. "అయితే సభ్యత్వం ఇప్పుడివ్వం. అందరూ చేతులెత్తి అదే అన్నారు. ముందు మీ నాన్నతో మాట్లాడుకో. ఆయన దగ్గర్నుంచి పారిపోయి మా పుస్తకంలో దాక్కోకూడదు," అన్నారు. అందులో తప్పేమీ లేదు. లేదని తెలిసే, గదికి వచ్చి తలుపేసుకుని పడుకున్నాను. ఆ వారం స్త్రీల సమాజానికి పోలేదు, బైబిలు తరగతికి పోలేదు. శుక్రవారం ఎవరింట ప్రార్థనో తెలిసీ పోలేదు. మళ్ళీ "చారు", "చాలు". ఈ ఊళ్ళో నా పని అయిపోయిందనుకున్నాను.

ఆదివారం మాత్రం కాళ్ళు ఊరుకోలేదు. ఆలస్యంగా వెళ్ళి, ప్రకటనలు కాగానే లేచిపోదామని గుమ్మం పక్కనే కూర్చున్నాను. పార్సెల్ మావ పుస్తకం తెరిచాడు. "మంగళవారము స్త్రీల సమాజము. దారాలెక్కించువారు గత వారము రానందున పని ఆగిపోయినది. బుధవారము బైబిలు తరగతి. శుక్రవారము సాయంకాలము ఆరున్నరకు గృహ ప్రార్థన, నీళ్ళ తమ్ముడి గదిలో. అందరును తప్పక రావలెను."

నీళ్ళ తమ్ముడంటే ఎవరా అని నేను కూడా అందరితో పాటు అటూ ఇటూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

శుక్రవారం ఏడు కుటుంబాలూ నా గదికి వచ్చాయి. మంచం నిలబెట్టి గోడకు ఆనించాం. అయినా చోటు చాలక పిల్లలు ట్రంకు పెట్టె మీద ఎక్కారు. టీ మాటెత్తితే గ్లాసు ఒక్కటేనని నాకు చెమటలు పట్టాయి. పెద్దమ్మ సంచీ తెరిచి, "ఎవుల గలాసు ఆళ్ళు తెచ్చుకున్నాం, నువ్వు కూకో" అంది. ఆవిడ వెంట తెచ్చిన టిఫిను క్యారియరులో నాకు అన్నం, చేపల పులుసు కూడా ఉన్నాయి. పాట మొదలయ్యేసరికి నా గదిలో నాకే చోటు లేకపోయింది. గడప బయట కూర్చున్నాను. అలవాటైన చోటే, సైకిళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. కాకపోతే ఈసారి లోపలున్న వాళ్ళంతా నా ఇంటికొచ్చినవాళ్ళు.

తర్వాత సెలవులకు ఊరెళ్ళి మా నాన్నతో మాట్లాడాను. ఆయన వల బాగుచేసుకుంటూనే, "ఏ నీళ్ళయితే ఏట్రా, పారిపోకుండా నిలబడు" అన్నాడు. ఆ ఈస్టరుకు విజయనగరం వచ్చి ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారు నా తల మీద మూడుసార్లు చారెడేసి నీళ్ళు పోశారు. నేను కదల్లేదు. మా నాన్న లేచొచ్చి, తన తువ్వాలుతో నా తల తుడుస్తూ, "జలుబు సేస్తాది" అన్నాడు. పుస్తకంలో నా పేరు ఎనిమిదో ఇంటి కింద ఎక్కింది.

ఇప్పుడు మా ఇంట్లో గ్లాసులకు లోటు లేదు, రెండు డజన్లు పైనే ఉన్నాయి. పెద్దమ్మా లేదు, పార్సెల్ మావా లేడు, మా నాన్నా లేడు. నేను పోయే చర్చిలో ప్రకటనలు ముందే అచ్చువేసి చేతికిచ్చేస్తారు. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని, ఎవరూ వినకుండా, ఆ రాగంలోనే పైకి చదువుకుంటాను. శుక్రవారం దగ్గరికి వచ్చేసరికి, అక్కడ అచ్చయిన ఇంటి పేరు వదిలేసి, నీళ్ళ తమ్ముడి గదిలో అని చదువుతాను.