అమ్మ మీద ఒట్టు

అరబ్బు దేశపు ఊరు సలాలాలో తుంపర పడుతోంది. కారు అద్దం దించగానే రోడ్డు పక్క బొగ్గుల మీద కాలుతున్న మక్కకంకుల వాసన, తడిసిన అరటితోటల పచ్చివాసన లోపలికి వచ్చాయి. ఈ వాసనల్లోనే నాకు పదకొండేళ్ళు నిండాయి, బాపు పోయాడు.

బాపు జగిత్యాల నుంచి వచ్చిన దర్జీ. ఇక్కడి మగవాళ్ళు తొడిగే పొడుగు దిష్‌డాషాలు కుట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు షాపు మూసి, చొక్కాకు దారప్పోగులు అంటించుకుని ఇంటికొస్తే, ముగ్గురం చాప మీద కూర్చుని పచ్చిపులుసు, ముద్దపప్పు, శుక్రవారమైతే ఎముకలు చీకేదాకా మటన్ తినేవాళ్ళం. ఆ ఏడాది బాపుకు మొదట మటన్ ముక్క దిగలేదు, తర్వాత అన్నం, తర్వాత మంచినీళ్ళు కూడా ఛాతీలో ఆగి వెనక్కి వచ్చేవి. అమ్మ దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పెనం మీద మాడ్చింది. పక్కింటివాళ్ళు తాయెత్తు తెచ్చారు. తాయెత్తు మెడకు వేలాడింది, పుండు లోపల పెరిగింది. ఆ నెలలను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆసుపత్రిలో డాక్టరుది ఇంగ్లీషు. మా ఇంట్లో ఆ భాష వచ్చింది నాకొక్కదానికే. వరండాలో ఆయన చెప్పింది అమ్మకు తెలుగులో చెప్పాను: క్యాన్సర్ అన్నవాహికను మూసేసింది, స్టెంట్ అనే సన్నని తీగల గొట్టం పెట్టి దారి తెరుస్తారు, తిండి దిగుతుంది, జబ్బు మాత్రం పోదు, ఎక్కువ రోజులు లేవు.

అమ్మ నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"బాపుకు చెప్పినవంటె నా మీద ఒట్టే. నేను సచ్చినట్టే."

నేను నమ్మాను.

స్టెంట్ వేశాక మొదట గంజి, కొన్నాళ్ళకు మెత్తటి పప్పన్నం. బాపు నిటారుగా కూర్చుని నెమ్మదిగా నమిలి మింగుతుంటే, ప్రతి ముద్ద దిగేదాకా మేమిద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

"ఏందే, గింత మెత్తగ వండినవ్? నేనేమన్న పండ్లు రాని పోరగాన్నా?"

"నోరు మూసుకొని తిను!"

"నోరు మూసుకొని ఎట్ల తింటరే?"

నయమైందనుకున్నాడు. ఈద్ బట్టల పని మీద పడి, మధ్యాహ్నాలు కూడా మిషను దగ్గర్నుంచి లేవలేదు. "ఈద్ అయినంక అందరం కూసోని తిందాం" అన్నాడు. చాప మీద అమ్మా నేనూ మిగిలాం. ఒకరోజు క్యారియర్ తీసుకుని షాపుకు వెళ్ళి మొత్తం చెప్పేశాను. మిషను ఆగింది.

"ముందే చెప్పొద్దా బిడ్డా? ఎవరి బట్టలో కుట్టుకుంట కూసున్న."

మిగతా బట్టలు పక్క మిషనతనికి అప్పజెప్పి, నా చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే పక్కనే కూర్చుని, ఆమె పొట్ట లేచి దిగడం చూస్తూ ఉన్నాను. కళ్ళు తెరిచింది.

"ఏందే, గట్ల చూస్తున్నవ్?"

"నువ్వు సావలేదు గదమ్మా."

నేను చెప్పేశానని అమ్మకు అర్థమైంది. చెంప మీద ఒక్కటి కొట్టి, నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. ఏ ఒట్టుకూ నేను భయపడటం ఆ రోజుతో ఆగిపోయింది.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం బాపు మాతోనే తిన్నాడు. ఈద్‌కు ముందే పోయాడు.

ఇప్పుడు ఆ షాపులో ఫోన్లు అమ్ముతున్నారు. మేమున్న ఇల్లు కూల్చేశారు, అమ్మ కూడా లేదు. రోగికి నిజం చెప్పడం క్రూరత్వమని నాతో వాదించేవాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. స్టెంట్ మాకు కొన్ని మధ్యాహ్నాలు ఇచ్చింది. వాటిలో సగానికి పైగా, ఒట్టుకు భయపడి, నేనే పోగొట్టాను.