మైకు పలకని రోజు

ఆ రోజు మా సర్వరు ఒక్కసారి కూడా పడిపోలేదు. అంతకు ముందు మూడు రోజులు గంటకోసారి పడిపోయిన యంత్రం ఆ రోజు రాయిలా నిలబడింది. దాన్ని అలా నిలబెట్టింది నేనే. ఇప్పుడు నెల్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. సర్వరు పడిపోకుండా ఎలా చూసుకోవాలో చెప్పే పాఠం వచ్చినప్పుడల్లా తలెత్తి పిల్లల వైపు చూడను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి ఎలాగో బయటపడతాను.

మాది సంగం. వరి పండించే ఇల్లు. పెన్న నీళ్లు, కాలువ నీళ్లు తప్ప వేరే నీళ్లు ఎరగం. డిగ్రీ అయిన కొత్తల్లో ఒక సేవాసంస్థ సముద్రం ఒడ్డు పల్లెలో సమాచార కేంద్రం పెడుతూ, కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలంటే నేను వెళ్లాను. "సముద్రం మొహం చూసి ఎరగవు. దాని సంగతులు వాళ్లకి నువ్వు చెప్తావా?" అని మా నాయన నవ్వినాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. మండింది కాబట్టే వెళ్లానేమో కూడా.

కేంద్రం అంటే ఒకే గది. మిద్దె మీద గొడుగంత డిష్షు, లోపల ఒక కంప్యూటర్, బయట కొబ్బరి చెట్లకు కట్టిన రెండు మైకులు. సముద్రం మీద పరిశోధన చేసే ఒక సంస్థ నుంచి రేపటి అలల ఎత్తు ఎంతో రోజూ మధ్యాహ్నానికి కబురు వచ్చేది. నేను దాన్ని తెలుగులో మైకులో చదివేదాన్ని. ఉద్యోగం అంతే.

కానీ నాకు అంతటితో సరిపోలేదు. అప్పుడు లినక్సు అంటే, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ కంప్యూటర్ వ్యవస్థ అంటే, నాకు పిచ్చి. పత్రికలతో వచ్చే సీడీల నుంచి దాన్ని ఎక్కించుకోవడం, అది మొరాయిస్తే ముక్కూ మొహం తెలియని వాళ్లకు మెయిల్ రాసి అడగడం, వాళ్లు తమ పని మానుకుని మరీ జవాబు రాయడం. ఎవరిదీ కాని, అందరిదీ అయిన ఆ లోకంలో నాకూ ఒక చాప వేశారనిపించేది. నా వంతుగా తెలుగు అక్షరాల ఫాంట్లు, టైపు చేసే పద్ధతులు, దొరికినవన్నీ పోగేసి మా కంప్యూటర్‌లోనే పెట్టి, దాన్నే సర్వరు చేశాను. అందరూ దించుకోవచ్చు, ఉచితం. ఎక్కడెక్కడి వాళ్లో మా బెస్తపల్లె గదిలోకి వచ్చి అక్షరాలు పట్టుకుపోతుంటే, ఆ రాకపోకల చిట్టా చూసుకుని మురిసిపోయేదాన్ని. పనికి వచ్చేవాళ్ల దారినే పనికిమాలినవాళ్లూ వస్తారని అప్పటికి తెలియదు.

నేను అద్దెకున్నది ఒక అక్క ఇంట్లో. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. నన్ను ఏనాడూ అద్దెకున్న మనిషిలా చూడలేదు. పులుసు ఉడికితే నా గిన్నె కూడా తనే తీసుకునేది. ఆమె భర్త నాకు బావ అయ్యాడు. రోజూ కేంద్రం ముందు నుంచి పోతూ గడప దగ్గర ఆగేవాడు.

"ఏం మే మరదలా, నీ పెట్టె ఈ పొద్దు ఏమంటా ఉండాది?"

"అలలు తక్కువే అంటోంది బావా."

"ఆ మాట గాలి నాకు పొద్దున్నే చెప్పింది. గాలికి కరెంటు గూడా అక్కర్లేదు" అని నవ్వుకుంటూ పోయేవాడు.

మూడు నెలలకు ఊరికి మైకు మీద విసుగొచ్చింది. పిలకాయలు చదువుకోలేక పోతున్నారని ఒకరు, మంచానపడ్డ మనిషికి నిద్ర లేదని ఒకరు. ఊరి పెద్ద నలుగురినీ కూర్చోబెట్టి దురాయి వేశాడు. ఆ తీరం పల్లెల్లో దురాయి అంటే ఊరి కట్టుబాటు, దాటడానికి లేదు. సముద్రం బాగున్న రోజు మైకు పలకరాదు. బాగలేని రోజే పలకాలి. "మైకు మోగిందా, బోటు దించబోకండి. మోగలేదా, దేవుడి మీద భారమేసి పోండి" అన్నాడు. నాకూ హాయిగానే ఉంది. రోజూ చదివే శ్రమ తప్పింది.

ఆ దురాయికి తగ్గట్టు ప్రోగ్రాం నేనే రాశాను. అది తనంతట తనే అలల కబురు తెచ్చుకుంటుంది. ఎత్తు హద్దు దాటితే గంట మోగిస్తుంది, నేను మైకు అందుకుంటాను. మొదట్లో కబురు అందకపోతే తెర మీద ఎర్ర అక్షరాలు చూపించేది. లైను సరిగా లేని ఊళ్లో అది రోజుకు పదిసార్లు జరిగేది. చిరాకేసి ఆ ఎర్ర అక్షరాలు తీసేశాను. అందకపోతే గమ్మునుండి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించమని రాశాను. సముద్రం బాగున్నా గంట మోగదు, కబురు అందకపోయినా గంట మోగదు. బయటికి ఈ రెండూ ఒకేలా ఉంటాయన్న సంగతి, అంత చదువు చదివిన నాకు తట్టలేదు.

కార్తీకంలో దాడి మొదలైంది. ఎవరో, ఎందుకో ఇప్పటికీ తెలియదు. తలుపు తట్టి, మనం లేచి గడియ తీసేలోపు మాయమయ్యేవాళ్లుంటారే, అలాంటి పిలుపులు వేలకు వేలు మా సర్వరు మీద పడ్డాయి. ప్రతి పిలుపుకూ అది చోటిచ్చి, మనిషి లోపలికి వస్తాడేమోనని ఎదురుచూసేది. చోటంతా నిండి బిగుసుకుపోయేది. ఆపి మళ్లీ వెలిగిస్తే గంట తిరక్కుండానే మళ్లీ అదే తంతు. మూడు రోజులు తిండి మీద ధ్యాస లేదు. ఇన్ని కోట్ల యంత్రాలుండగా చేపల వాసన కొట్టే మా గదే దొరికిందా వీళ్లకి అని ఏడుపొచ్చేది.

మూడో రోజు మధ్యాహ్నం తెగించాను. పిలుపులు ఏ యంత్రాల నంబర్ల నుంచి వస్తున్నాయో చూసి ఒక్కొక్కటే ఆపుతూ వచ్చినదాన్ని, ఓపిక చచ్చి, గుంపులకు గుంపులే మూసేశాను. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఎవరొచ్చినా లోపలికి రానివ్వొద్దని ఒక్కో వరుసలో రాసిపడేశాను. యంత్రం ఊపిరి పీల్చుకుంది. ఒక గంట నిలబడింది, రెండు గంటలు నిలబడింది. నాకు గాల్లో తేలినట్టుంది. రోజూ సాయంత్రం అలల కబురు వచ్చిందో లేదో ఒకసారి చూసుకునే అలవాటుంది. ఆ సాయంత్రం చూడలేదు. గెలిచిన కథంతా మా లినక్సు గుంపుకు మెయిల్ రాస్తూ, వాళ్లు పంపిన మెప్పులు ఒకటికి రెండుసార్లు చదువుకుంటూ కూర్చున్నాను.

నేను మూసిన ఒక గుంపులో అలల కబురు వచ్చే నంబరు కూడా ఉంది.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. తుపాను కాదు. తుపానైతే రేడియో చెప్పేది. ఎక్కడో నడిసముద్రంలో లేచిన అలలు ఇక్కడ మబ్బు తునక కూడా లేకుండానే వచ్చి ఒడ్డున విరుచుకుపడతాయి. తెల్లవారుజామున పోయిన బోట్లు తిరిగొచ్చే వేళకు అలలు ఇంటెత్తున విరుగుతున్నాయి. కేకలు విని నేను పరిగెత్తేసరికి ఊరంతా ఇసుకలో నిలబడి ఉంది. బావ బోటు మా అందరి కళ్ల ముందే తిరగబడింది. నలుగురిలో ముగ్గురు ఈదుకొచ్చారు. బావ కాలికి వల చుట్టుకుంది. ఒడ్డుకు చేర్చేసరికి ప్రాణం మిగల్లేదు. అక్క ఏడవలేదు. ఆయన తల తన ఒళ్లోకి తీసుకుని చెవిలో ఇసుక తుడుస్తూ కూర్చుంది. ఆ చెయ్యి అలా తుడుస్తూనే ఉంది.

నేను గదికి వచ్చాను. తెర మీద సర్వరు నిన్నటి నుంచి ఎన్ని గంటలు ఆగకుండా నడిచిందో కనిపిస్తోంది. మూసిన గుంపుల జాబితా తీశాను. వేలితో ఒక్కో వరుసా చదువుకుంటూ వచ్చి ఆ వరుస దగ్గర ఆగాను. దాన్ని చెరిపేశాను. నిమిషంలో కబురు వచ్చింది, నిన్న మధ్యాహ్నమే బయల్దేరిన కబురు. గంట మోగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మైకు అందుకున్నాను. ఇంకా బోట్లు రావాల్సి ఉంది గదా, చదవక తప్పలేదు. అలలు ఎక్కువగా ఉన్నాయి, ఒడ్డుకు రావొద్దు, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు పోవాలి అని చదివాను. ఒడ్డున ఉన్నవాళ్లు విని, గుడ్డలూపి మిగతా బోట్లను అటు మళ్లించారు.

సాయంత్రం ఊరి పెద్ద వచ్చి గడపలో నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకుంటున్నాను.

"నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. కోపం లేదు, అడిగాడంతే.

"కబురు ఈ పొద్దే వచ్చింది పెద్దయ్యా."

అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఏదో ఒకనాడు ఒప్పుకునేదాన్నేమో. కబురు పంపేవాళ్లు ఆలస్యం చేశారని ఊరు అనుకుంది, అనుకోనిచ్చాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అక్కకు ఒక్కదానికైనా చెబుదామని ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. ఆమె అప్పుడు కూడా నా గిన్నె తీసుకుని పులుసు పోస్తూనే ఉంది. సంక్రాంతి లోపలే ఉద్యోగం మానేసి సంగం వచ్చేశాను. మళ్లీ ఆ పల్లెకు పోలేదు.

నిరుడు నెల్లూరులో కంటి ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో బెంచీ మీద కళ్లలో మందు వేయించుకుని, తల గోడకానించి, కళ్లు మూసుకున్న పెద్దావిడ పక్కన కూర్చున్నాను. నర్సును నా వంతు ఎప్పుడని అడిగానో లేదో, ఆమె తల తిప్పింది.

"మైకమ్మాయివి గదా నువ్వు?"

ఇన్నేళ్ల తర్వాత కూడా గొంతును బట్టి గుర్తుపట్టింది. అక్క చిక్కిపోయింది. కొడుకు, కోడలు బాగానే చూస్తున్నారంది, నా పిల్లల గురించి అడిగింది. కళ్లు తెరవకూడదు కాబట్టి ముందుకే తిరిగి మాట్లాడుతోంది. ఆ మూసిన కళ్లే నాకు ధైర్యమిచ్చాయి. చెప్పేశాను. దొంగలను ఆపబోయి నేనే దారి మూసేశానని, కబురు ముందురోజే వచ్చి నా తలుపు దగ్గర నిలబడి ఉందని, నేను తీయలేదని. సర్వరు, నంబర్లు లాంటి మాటలు ఒక్కటీ లేకుండా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. తిడుతుంది, తిట్టనీ అనుకున్నాను. తిడితే నా బరువు కొంతైనా దిగుతుందని లోపల ఆశ కూడా ఉంది. ఆ ఆశ తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

కళ్ల మందు చెంప మీదికి జారింది. అక్క కొంగుతో తుడుచుకుంది.

"ఆ పొద్దు మీ బావ పోనన్నాడు మే" అంది. "నీళ్లలో ఏదో మోత ఉండాది, ఈ పూట మానుకుంటా అని వలంతా కింద పెట్టేసినాడు. అందురూ పోతా ఉంటే నువ్వేంది ఇట్ట, మైకు పలకలేదు గదా, పో అని నేనే తోలినా. వల ఎత్తి బుజాన వేసింది గూడా నేనే."

అక్క కొంగు ఒళ్లోకి దించి, మళ్లీ అందుకుంది.

"మైకుది తప్పని ఒక్కనాడు అనుకోలా. కబురు పంపేవోళ్లకే తెలీకుండా వచ్చిందంట గదా ఆ అల, నీకేం తెలుస్తాది. ఆయనకు తెలిసింది. ఆయన మాట నేను ఇన్లా. నేనే చంపుకున్నా అని ఇన్నేళ్లూ... దీపం పెట్టేటప్పుడు గూడా ఆయన పటం మొహం చూసేదాన్ని గాదు." మూసిన కళ్లతోనే నా వైపు తిరిగింది. "అప్పుడే ఈ ఒక్క మాట నా చెవినేసి ఉండకూడదా అమ్మా?"

నర్సు టోకెన్ నంబరు పిలిచింది. అక్కదే. పట్టుకుందామని చెయ్యి చాచాను. ఆమె తడుముకుని గోడ పట్టుకుని, మెల్లగా లేచి, ఒక్కతే లోపలికి నడిచింది.