ఫూల్మతి తల్లికి చెప్పని మాట

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానికంటే, ఆ తర్వాత అందుకున్న దండాలే ఎక్కువ బరువు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

అలియాబాద్ దగ్గర అంగన్‌వాడీ టీచర్‌ను నేను. ఆ ఏడు ఒడిశా కొండల నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన జమున, ఏడాదిన్నర కూతురు ఫూల్మతిని చంకనేసుకుని మా కేంద్రానికి వచ్చింది. పిల్ల నిలబడటం లేదు. ఏడవటానికి కూడా ఓపిక లేదు. చేతికి కొలత పట్టీ చుట్టాను. ఎరుపు దగ్గర ఆగింది. అంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

"బిడ్డ బాగుందా, టీచరమ్మా?" వచ్చీరాని తెలుగులో అడిగింది.

"మంచిగనే ఉంది. జర ఎక్కువ తినిపియ్యి, గంతే" అన్నాను.

ఎందుకలా అన్నాను? ఆ బట్టీ మా బావగారి పొలంలో ఉంది. పిల్లను ఆసుపత్రికి పంపితే అధికారులు విచారణకు బట్టీకి వస్తారని, ఇంట్లో అందరూ నా మీద పడతారని భయపడ్డాను. అదొక్కటేనా? వానలు పడగానే కొండకు పోయేవాళ్లే కదా, అక్కడివాళ్లు చూసుకుంటారులే అని కూడా అనుకున్నాను. వాళ్ల ఊరికి బండి దారి కూడా లేదని జమున అంతకుముందే చెప్పింది. తెలిసే అనుకున్నాను.

జమున నవ్వుతూ వెళ్లిపోయింది. నాలుగో రోజు ఉండబట్టలేక వాళ్ల గుడిసెకు వెళ్లాను. పిల్ల కళ్లు తేలేసింది. ఆటో మాట్లాడి నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. చాలా రోజులు ఉంచుకున్నారు. బతికింది. బావగారు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. అంతే, ఇంకేమీ కాలేదు. అంతమాత్రానికా నేను అంత భయపడింది?

జమున నా కాళ్లకు మొక్కింది. నేను నోరు విప్పలేదు. అసలు తప్పు అదేనేమో. ఆ తర్వాత బట్టీకి వచ్చినప్పుడల్లా కొండ చీపుళ్లు తెచ్చిచ్చేది. తీసుకున్నాను.

ఈమధ్య తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. ఫూల్మతి తల్లి భుజం దాటింది. కొండ కింద హాస్టల్లో ఉండి చదువుతోందట. ఇక ఆగలేకపోయాను.

"గా దినం బిడ్డ పానం మీదికొచ్చిందని నాకు తెల్సు, జమునా. తెల్సే అబద్ధం జెప్పిన."

"నాలుగు రోజులు..." అంది జమున. కూతురిని తీసుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత బట్టీకి కొత్తగా వచ్చిన ఇద్దరు తల్లులను, వాళ్ల పసివాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. నా ముఖం చూడలేదు. "వీళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

చెప్పాను. ఒక బాబును ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాం, కోలుకుంటున్నాడు.

జమున నన్ను క్షమించిందని అనుకోను. అడగలేదు కూడా. కానీ ఇన్నేళ్లకు ఒక తల్లి కళ్లలోకి చూసి మాట్లాడగలిగాను.